బాలు గారి పాటల బాక్స్ సెట్ ఇలా తెండి: ఆడియో కంపెనీలకు నెల్లూరు, ఒంగోలు శ్రోతల బహిరంగ లేఖ

అయ్యా,

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి తెలుగు సినిమా పాటల హక్కులు ఇవాళ ఒక్కరి చేతిలో లేవు. 1960లు, 70ల నాటివి చాలామటుకు అప్పటి గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా తన హెచ్.ఎం.వి., కొలంబియా, ఓడియన్, ఏంజెల్ లేబుళ్ళ మీద తెచ్చినవి. ఆ తరవాతివి క్యాసెట్ల కాలంలో లేచిన కంపెనీల దగ్గర ఉన్నాయి. అందుకే ఈ ఉత్తరం ఒక కంపెనీ పేరున రాయలేదు. ఆయన పాట ఒక్కటైనా మీ బీరువాలో ఉంటే ఇది మీకే.

ఆయన పోయిన 2020 సెప్టెంబరు 25 తరవాత హిట్స్ సంపుటాలకు కొదవ లేదు. వంద పాటల పెన్‌డ్రైవ్‌లున్నాయి, ప్రేమ పాటలు, విషాద గీతాలు, భక్తి పాటలు అంటూ విడదీసిన జాబితాలున్నాయి. తిప్పి తిప్పి అవే రెండు మూడు వందల పాటలు. వరస పెట్టి, మొదటి పాట నుంచి, దొరికిన వాటిలో మేలైన మూలం నుంచి దించి, ఎవరు రాశారో ఎవరు బాణీ కట్టారో తప్పుల్లేకుండా అచ్చువేసి ఇచ్చిన సెట్టు మాత్రం తెలుగులో ఇంతవరకు మా చేతికి రాలేదు. మేం అడుగుతున్నది అది. ఎలా చేస్తే బాగుంటుందో, ఎక్కడ చెడుతుందో మాకు తెలిసినంతవరకు రాస్తున్నాం.

మొత్తం ఒకేసారి వద్దు. మొదటి పెట్టెకు హద్దులు ఇవీ: 1966 డిసెంబరు 15న 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం కోదండపాణి గారి సంగీతంలో ఆయన మొదటి పాట రికార్డయిన రోజు నుంచి, ఘంటసాల గారు కన్నుమూసిన 1974 ఫిబ్రవరి 11 దాకా. ఈ ఏడేళ్ళ బాలు గొంతు తరవాతి బాలు గొంతు కాదు. సన్నగా, లేతగా ఉంటుంది. పై స్థాయికి వెళ్ళేటప్పుడు కాస్త జంకు, కింది స్వరాల్లో మెత్తదనం. పెద్ద హీరోల పాటలు చాలావరకు ఘంటసాల గారికే వెళ్ళే రోజులు కాబట్టి ఆయనకు ఎక్కువగా దొరికినవి కుర్ర హీరోల పాటలు, హాస్యపాత్రల పాటలు, యుగళాల్లో సగం. హిట్స్ సంపుటాల్లో చోటు దొరకనివీ ఇవే. అరిగిన రికార్డులే ఆధారంగా మిగులుతున్నవీ ఇవే.

తొందర ఎందుకంటే, మన కాపీరైటు చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు అది వెలువడిన ఏడాది ముగిశాక 60 ఏళ్ళు. 1967లో బయటికొచ్చిన రికార్డు ఏదైనా దాని గడువు 2027 డిసెంబరు 31తో తీరిపోతుంది. 1968వి ఆ మరుసటి ఏడు, 69వి ఆపై ఏడు. సాహిత్యం, బాణీ మీద హక్కులు వేరు. అవి రాసినవారు, కట్టినవారు పోయిన తరవాత 60 ఏళ్ళు నడుస్తాయి. కానీ రికార్డు శబ్దం మటుకు ఎవరైనా వాడుకోవచ్చు. అప్పుడు అరిగిన ఈపీ (నాలుగు పాటల చిన్న రికార్డు) నుంచి దించిన పాట నలుగురూ అమ్ముతారు. నలుగురి దగ్గరా లేనిది, మీ దగ్గర మాత్రమే ఉండగలిగింది అసలు టేపు. ఆ టేపు బతికుండగానే దానికి విలువ.

టేపు సంగతికి వద్దాం. తన మొదటి పాట రికార్డయ్యాక ఆ టేపును చెరిపేయకుండా కొంతకాలం ఉంచమని, వచ్చే సంగీత దర్శకులకు వినిపించమని కోదండపాణి గారు రికార్డింగ్ థియేటర్ ఇంజనీరును అడిగారని బాలు గారు ఎన్నో సభల్లో చెప్పుకున్నారు. గురువు గారి మంచితనం గురించి ఆయన చెప్పిన మాట అది. మేం అందులో ఇంకో సంగతి కూడా వింటాం. అలా ప్రత్యేకంగా అడిగితే తప్ప టేపు మిగలదన్నమాట. టేపు ఖరీదైన రోజుల్లో పాట సినిమా నెగెటివ్ మీదికి, రికార్డు కంపెనీకి వెళ్ళిపోయాక అదే స్పూలు మీద ఇంకో పాట ఎక్కించేవారు. కాబట్టి థియేటర్ టేపుల కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటే పని జరగదు. వెతకవలసిన చోట్లు వరసగా చెబుతాం.

మొదటిది, సినిమాకు వాడిన 35 మిల్లీమీటర్ల మాగ్నటిక్ ఫిల్ము. నిర్మాతల దగ్గరో పాత ల్యాబుల్లోనో ఉండిపోయి ఉండొచ్చు. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన ఘాటుగా కొడితే అసిటేట్ బేసు (ఫిల్ముకు ఆధారమైన ప్లాస్టిక్) కుళ్ళిపోతున్నట్టు. అలాంటి డబ్బాను తక్కినవాటి పక్కన ఒక్క రోజు కూడా ఉంచకూడదు, ఆ ఆవిరి పక్క డబ్బాలకూ తగులుతుంది. రెండోది, రికార్డు కంపెనీ తన కోసం ఎక్కించుకున్న పావు అంగుళం టేపు. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు: రికార్డులు ఒత్తడానికి చేసిన లోహపు అచ్చులు. అచ్చుల్లో 'మదర్' అనే దానికి రికార్డులాగే గాడి లోపలికి ఉంటుంది కాబట్టి దాన్ని నేరుగా ప్లే చేయవచ్చు. ఒక్కసారి కూడా ముల్లు పెట్టని రికార్డు విన్నట్టే. కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో ఒత్తిన తెలుగు ఈపీల మదర్లు ఎన్ని మిగిలాయో లెక్క తీయించండి. టేపు దొరకని పాటకు ఇంతకన్నా మంచి ఆధారం లేదు. ఆ తరవాతే వాడని రికార్డు, చివరగా వాడిన రికార్డు. రికార్డుల్లో అసలు లేని చరణాల కోసమైతే పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఉన్న ప్రింట్ల ఆప్టికల్ ట్రాకే (ఫిల్ము అంచున ఉండే శబ్దపు గీత) దిక్కు. అందులో హై ఫ్రీక్వెన్సీ తక్కువే, అయినా చరణం చరణమే.

టేపు దొరికింది కదా అని నేరుగా మెషీను మీద పెట్టేయకండి. స్పూలును వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడండి. చుట్ట లోంచి వెలుగు కనబడితే అసిటేట్, కనబడకపోతే పాలియెస్టర్. ఇది తెలియకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదు. ఎందుకంటే 70ల నడిమి నుంచి 80ల దాకా వచ్చిన కొన్ని పాలియెస్టర్ టేపుల్లో పూత జిగురు తేమ పీల్చి బంకలా మారుతుంది. ప్లే చేస్తే కీచుమంటూ టేపును చదివే హెడ్డుకు గోధుమరంగు జిడ్డు అంటుకుంటుంది, పాట ఆ జిడ్డుతో పాటే ఊడి వస్తుంది. దానికి మందు, 50 నుంచి 55 డిగ్రీల నిలకడైన వేడిలో ఎనిమిది గంటలు, లావు టేపైతే ఇంకాసేపు ఉంచి, చల్లారనిచ్చి, కొద్ది వారాల్లోనే దించుకోవడం. ఇదే పని అసిటేట్ టేపుకు చేస్తే వంకర్లు తిరిగి నాశనమవుతుంది. మొదటి పెట్టె కాలం నాటి టేపులకు ఈ జిగురు రోగం అరుదు, వాటి బాధ వేరు: ఎండిన అతుకులు ఊడిపోవడం, అంచులు అలలు తిరగడం. అతుకు ఊడితే పాతది శుభ్రంగా తీసి కొత్త అతుకు టేపు వేయాలి, మామూలు సెల్లోటేపు మటుకు వేయకూడదు.

ఆ కాలం పాట మోనో. టేపు వెడల్పంతా ఒకే ట్రాకు. దాన్ని ఫుల్‌ట్రాక్ హెడ్డు మీదే ఆడించాలి. స్టీరియో హెడ్డు మీద ఆడించి రెండు చానళ్ళనూ కలిపేస్తే, హెడ్డు వాలు వెంట్రుకవాసి తేడా ఉన్నా సకారాలు, తాళాల మెరుపు మాయమైపోతాయి. పాట దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. ప్రతి స్పూలుకూ హెడ్డు వాలు విడిగా సరిచేయాలి, ఒక స్పూలుకు సరిపోయింది ఇంకోదానికి సరిపోదు. దించేటప్పుడు 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో దించి, ఏ మెరుగూ పెట్టని ఆ ఫైలును అలాగే భద్రం చేయండి. సీడీకి, ఫోనుకు మీరు చేసే పనంతా దాని నకలు మీదే జరగాలి. పదేళ్ళ తరవాత ఇంతకన్నా మంచి పరికరం వస్తుంది. అప్పటికి ఆ టేపు ఉంటుందో ఉండదో.

ఇక ఈపీల విషయం. ఇక్కడ మా జిల్లాల వాళ్ళం నేరుగా పనికొస్తాం. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, కనిగిరి వైపు పెళ్ళిళ్ళకు, శ్రీరామనవమి పందిళ్ళకు రికార్డులు వేసిన మైకుసెట్టు వాళ్ళ ఇళ్ళల్లో ఇప్పటికీ చెక్కపెట్టెల నిండా ఈపీలున్నాయి. ఒకటి తీసి చూడండి. ఏడంగుళాల రికార్డు, 45 స్పీడు, పక్కకు రెండేసి పాటలు. లేబులు మీద బాల్‌పెన్నుతో మైకుసెట్టు పేరు, వరస నంబరు. అట్ట మీద రికార్డు అంచు గుండ్రంగా దిగిన ముద్ర. లేబులుకూ చివరి గాడికీ మధ్య నున్నటి చోట, ఏటవాలుగా వెలుగు పడేట్టు తిప్పితే కనబడే సన్నటి అంకెలు: అదే మేట్రిక్స్ నంబరు. లేబులు చిరిగినా, అట్ట మారినా ఆ అంకె అబద్ధం చెప్పదు. ఒకే పాట రెండు వేరే అచ్చుల నుంచి వచ్చిందో లేదో దాన్ని బట్టే తెలుస్తుంది. మీ పుస్తకంలో ప్రతి పాట కిందా ఆ అంకె వేయండి.

ఈ రికార్డుల జబ్బు కూడా చెప్పాలి. ముల్లు జారకుండా ఆర్మ్ మీద నాణెం పెట్టి ఆడించినవి వీటిలో చాలా ఉన్నాయి. బరువుకు గాడి గోడలు అరిగి, గట్టిగా పాడిన చోట గరగర వస్తుంది. అరుగుదల గోడ అంతటా ఒకేలా ఉండదు, పాత ముల్లు తగిలిన ఎత్తులోనే ఉంటుంది. కాబట్టి వేరే కొలత ముల్లు, వేరే ఆకారం ముల్లు మార్చి చూస్తే అరగని చోట కూర్చుని పాట తేటగా పలకడం అసాధ్యమేమీ కాదు. ఒకే ముల్లుతో వెయ్యి పాటలు గబగబా దించేసే పద్ధతిలో ఇది కుదరదు. ఇంకోటి, ఈపీలో ప్రతి పక్కా రెండో పాటకు నష్టం ఎక్కువ. లేబులుకు దగ్గరయ్యే కొద్దీ గాడి చుట్టుకొలత తగ్గి, అదే శబ్దం తక్కువ చోటులో ఇరుక్కుంటుంది. శకార సకారాలు చీలతాయి. ఆ పాటే మరో రికార్డులో, ఎల్పీలో (పెద్ద రికార్డులో) బయటి అంచు వైపు ఉందేమో ముందు వెతకండి. ఉంటే దాన్నే వాడండి.

రికార్డులు కడగడానికి డిస్టిల్డ్ నీళ్ళే వాడండి. మా కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్ళతో కడిగి ఆరబెడితే గాడి నిండా తెల్లటి ఉప్పు పేరుకుని, ముల్లు పెట్టగానే చిటపటలు. సముద్రం గాలికి పట్టిన బూజును ముందు బయట ఆరుబయట మెత్తటి బ్రష్షుతో దులిపి, ఆ తరవాతే తడి తగలనివ్వాలి. తడిమీదే రుద్దితే బూజు గాడిలోకి దిగబడుతుంది.

స్పీడు గురించి గట్టిగా చెప్పదలచుకున్నాం, ఎందుకంటే ఇప్పుడు ఆన్‌లైన్‌లో తిరిగే పాత పాటల్లో మేం ఎక్కువగా పట్టుకున్న తప్పు ఇదే. ఆరు శాతం వేగం పెరిగితే ఒకటి శ్రుతి పాట ఒకటిన్నరకు ఎక్కుతుంది. మూడు శాతం పెరిగితే అటూ ఇటూ కాకుండా నడిమిన వేలాడుతుంది, హార్మోనియం పక్కన పెట్టుకుని నేర్చుకునే పిల్లలకు ఏ మెట్టూ కలవదు. మూడు నిమిషాల ఇరవై సెకన్ల పాట ఆరు సెకన్లు ముందే అయిపోతుంది. గొంతు సంగతి ఇంకా ఘోరం: ఇరవై ఏళ్ళ బాలు పదహారేళ్ళ కుర్రాడిలా వినబడతారు. టేపు మీద సన్నగా వినబడే కరెంటు హమ్ము 50 హెర్ట్జ్ దగ్గర ఉందో లేదో చూడటం ఒక పరీక్ష. అయితే ఆ రోజుల్లో కరెంటు ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉండేది కాదు కాబట్టి అదొక్కటే నమ్మకూడదు. అదే రోజుల్లో అదే థియేటర్లో రికార్డయిన పాటలు పక్కపక్కన పెట్టి, వేణువు, వయొలిన్ శ్రుతులు పోల్చి, చివరికి ఆ వాద్యాలు తెలిసిన మనిషి చేత వినిపించి నిర్ణయించాలి. ఆయన పాటలు స్టేజీ మీద పాడే ఆర్కెస్ట్రా వాళ్ళు మా ఊళ్ళల్లో ఉన్నారు. వాళ్ళకు పాట ఏ శ్రుతిలో ఉండాలో చేతివేళ్ళకు తెలుసు.

నాయిస్ తీసే విషయంలో మా ప్రార్థన ఒక్కటే. చేయి బరువుగా పెట్టకండి, తేలిగ్గా పెట్టండి. టపటపలు ఒక్కొక్కటి చూసి తీయండి, అది ఓపిక పని. హిస్సు (పాట వెనక సన్నగా వినబడే సరసర) మొత్తం పోవాలని బటను నొక్కితే దానితో పాటు బాలు గారే పోతారు. ఆయన పాటలో మాటకు ముందు తీసుకునే చిన్న ఊపిరి, చరణం చివర విడిచే గాలి, నవ్వు తగిలీ తగలనట్టు పలికే అక్షరం, గొంతు పూడుకున్నట్టు ఆపే చోటు: ఇవన్నీ చాలా చిన్న శబ్దాలు. కంప్యూటరు కంటికి ఇవి హిస్సులాగే కనబడతాయి. పల్లవికీ చరణానికీ మధ్య శబ్దం ఒక్కసారి నల్లటి నిశ్శబ్దంలోకి పడిపోయి, గొంతు రాగానే మళ్ళీ సరసర మొదలైతే అక్కడ గేటు (సన్నటి శబ్దాలను కోసేసే సాధనం) వేశారన్నమాట. వినేవాళ్ళకు ఇది గాజుపెంకులా గుచ్చుకుంటుంది. హిస్సు ఉండనివ్వండి. రెండో పాటకల్లా చెవి దాన్ని మరిచిపోతుంది.

శబ్దం పెంచడం కూడా అంతే. ఫోన్లో గట్టిగా వినబడాలని, శబ్దపు ఎత్తుపల్లాలను అణిచే లిమిటర్ బిగిస్తే, మెల్లగా మొదలై చరణంలో పైకి లేచే పాట మొదటి నుంచి చివరి దాకా ఒకే ఎత్తులో అరుస్తుంది.

మోనో పాటను స్టీరియో చేయడం, వెనక కొత్త డ్రమ్సు తగిలించడం, ఇప్పుడైతే కృత్రిమ మేధతో గొంతునూ వాద్యాలనూ విడదీసి మళ్ళీ కలపడం. చేయవద్దని మేం శాసించలేం. కానీ అది వేరే డిస్కుగా, వేరే పేరుతో, అట్ట మీద స్పష్టంగా రాసి ఇవ్వండి. అసలు మోనో ప్రతి పెట్టెలో ఉండి తీరాలి. బీటిల్స్ పాటలను 2009లో మళ్ళీ తెచ్చినప్పుడు స్టీరియో పెట్టెతో పాటు మోనో పెట్టెను విడిగా తెచ్చారు. మోనో కావాలని అడిగేవాళ్ళు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నాం.

ఇక ఏవేవి చేర్చాలి. రికార్డు మీద వచ్చిన ప్రతి పాటా, తేదీ వరసన. యుగళగీతంలో ఆయనది రెండు వాక్యాలే అయినా సరే. మొదటి పాటలోనే ఆయనతో పాటు సుశీల గారు, పి.బి. శ్రీనివాస్ గారు, రఘురామయ్య గారు ఉన్నారు. అదేమీ తక్కువ పాట కాదు. 1969 నాటి 'ఏకవీర'లో ఘంటసాల గారితో కలిసి పాడిన 'ప్రతి రాత్రి వసంత రాత్రి' ఘంటసాల సంపుటాల్లోనే కనబడుతూ ఉంటుంది, బాలు గారి ఏడేళ్ళ కథలో దాని చోటు దానికివ్వండి. సంతోషంగా ఒకసారి, విషాదంగా ఒకసారి వచ్చే పాటలకు రికార్డు మీద ఎక్కువగా మొదటిదే వచ్చేది. రెండోది సినిమా ప్రింటులోనే ఉండిపోయింది. బిట్టు పాటలు (ముక్క పాటలు), సాకీలు (పల్లవికి ముందు పాడే వాక్యాలు), రికార్డులో కత్తిరించిన చరణాలు కూడా అంతే. వీటన్నిటినీ చివరి డిస్కులో ఒకచోట పెట్టండి. ప్రింటు నుంచి తీసినది కాబట్టి మధ్యలో మాటలు, అడుగుల చప్పుడు వినబడినా పరవాలేదు. దాన్ని రికార్డు ప్రతికి అతికించి ఒకే పాటలా చేయకండి. రెండు ఆధారాలు కలిసిపోతే ఏది ఎక్కడిదో రేపు ఎవరికీ తెలియదు.

ఆయనవి కానివి రాకుండా చూడటం కూడా అంతే ముఖ్యం. 'అమెరికా అమ్మాయి'లో 'ఒక వేణువు వినిపించెను' పాడింది జి. ఆనంద్ గారు. అది రెండో పెట్టె కాలం పాట, కానీ ఇలాంటివి బాలు ఖాతాలో పడుతుండటం మేం చూస్తూనే ఉన్నాం. ఆనంద్ గారికి దక్కవలసిన పేరు అది. క్యాసెట్ల కాలంలో వేరే గాయకులతో మళ్ళీ పాడించి అమ్మినవి కొన్ని అసలువాటి పేరుతోనే ఫైళ్ళలోకి చేరిపోయాయి. వాయిద్యాల అమరిక విని తేల్చవలసిందే.

పుస్తకం గురించి. ఆ రోజుల్లో సినిమా హాళ్ళ దగ్గర అమ్మిన పాటల పుస్తకాలే సాహిత్యానికి మొదటి ఆధారం. ఏ పాట ఎవరు రాశారో, ఎవరు పాడారో అందులోనే ఉంటుంది. రికార్డు లేబులు మీద కవి పేరు లేని సందర్భాలుంటాయి, రెండూ పక్కన పెట్టుకుని చూడాలి. అచ్చు పుస్తకంలో ఒకలా, పాడింది ఒకలా ఉంటే రెండూ వేయండి. సహాయ సంగీత దర్శకుల పేర్లు వదలకండి. మహదేవన్ గారి పాట అంటే పక్కన పుహళేంది గారి పేరు ఉండవలసిందే. తెలిసినంతవరకు వేణువు ఎవరు, సితార్ ఎవరు, రికార్డింగ్ ఇంజనీరు ఎవరు అన్నదీ వేయండి. ఆ వాద్యకారుల్లో బతికున్నవారిని ఇప్పుడే అడగాలి. ఆత్రేయ గారు మా సూళ్ళూరుపేట దగ్గరి మంగళంపాడు వారు. ఆయన పాటల్లో కామా ఎక్కడ పడాలో కూడా పట్టింపున్న చదువరులు ఇక్కడ ఉన్నారు. ప్రూఫులు చూసిపెట్టడానికి డబ్బు అడగరు. ప్రతి పాట చివర ఒక్క వాక్యం తప్పనిసరి: ఇది టేపు నుంచి తీసినదా, మదర్ నుంచా, రికార్డు నుంచా, ప్రింటు నుంచా.

పెట్టె తయారీలో మా ఎండ, ఉప్పగాలి గుర్తుంచుకోండి. నిగనిగలాడే ఆర్టు పేపరు తేమకు పేజీకి పేజీ అతుక్కుని, విప్పితే ఫోటో సగం అటు సగం ఇటు వస్తుంది. మందమైన మ్యాప్‌లితో కాగితం వాడండి, జిగురు బైండింగు వద్దు, కుట్టు బైండింగు వేయించండి. డిస్కు కింద స్పాంజి పెట్టకండి, నాలుగు వేసవుల్లో పొడిగా రాలి డిస్కుకు అంటుకుంటుంది. రెక్సిన్ కూడా వద్దు. గట్టి అట్టపెట్టె, మామూలు కాగితం తొడుగులు చాలు.

సీడీకి 75 నిమిషాల లెక్క వేసుకుంటే దాదాపు 20 పాటలు పడతాయి, పది సీడీల్లో 200. సీడీ ప్లేయర్ లేని ఇళ్ళే ఇప్పుడు ఎక్కువ కాబట్టి అదే పెట్టెలో నాణ్యత తగ్గించని ఫైళ్ళకు డౌన్‌లోడ్ కోడు ఇవ్వండి. ఎల్పీలుగా కావాలనుకునేవాళ్ళకు విడిగా వేసుకోండి. నంబరు వేసి వెయ్యే అమ్ముతాం అనే పద్ధతి మాత్రం వద్దు. అది పాట వినేవాళ్ళ చేతికి కాక మళ్ళీ అమ్ముకునేవాళ్ళ చేతికి పోతుంది. ముందస్తు బుకింగు పెట్టండి, ఎన్ని కావాలో మీకే తెలుస్తుంది.

మొదటిది నిలబడితే రెండో పెట్టె 1974 నుంచి 1980 దాకా. సత్యం, చక్రవర్తి, రాజన్-నాగేంద్ర, రమేష్ నాయుడు గార్ల పాటలతో నిండే కాలం. 1980 ఫిబ్రవరిలో వచ్చిన 'శంకరాభరణం'తో అది ముగియాలి. అక్కడ ఒక్క మినహాయింపు కోరుతున్నాం: ఆ రికార్డులో బాలు గారి పాటలు మాత్రమే ఏరుకోకండి. ఆ సినిమాకు జాతీయ అవార్డు ఆయనకు, వాణీ జయరాం గారికి, మహదేవన్ గారికి ముగ్గురికీ వచ్చింది. ఎల్పీ మొత్తం, ఎల్పీ వరసలోనే ఇవ్వండి. ఆ తరవాత ఇళయరాజా గారి కాలానికి పెట్టె ఎంత పెద్దదవుతుందో మాకు తెలుసు, అప్పుడు మాట్లాడుకుందాం. 1977 నాటి 'కన్యాకుమారి' నుంచి మొదలుపెట్టి సంగీత దర్శకుడిగా ఆయన చేసిన సినిమాలకు మాత్రం విడిగా ఒక చిన్న పెట్టె ఉండాలి. 'మయూరి', 'పడమటి సంధ్యారాగం' లాంటివాటిలో బాణీ కట్టినవాడే గాయకుడైతే పాట ఎలా ఉంటుందో వినబడుతుంది. గాయకుడిగా ఆయన్ను మెచ్చినంతగా ఆ పనిని ఎవరూ పట్టించుకోలేదని మా బాధ.

మా వైపు నుంచి చేయగలిగింది చెబుతాం. మా ప్రాంతాల్లో 1966 నుంచి 1974 దాకా వచ్చిన ఆయన ఈపీలు, ఎల్పీలు ఎవరెవరి దగ్గర ఉన్నాయో జాబితా రాస్తున్నాం: లేబులు, మేట్రిక్స్ నంబరు, ఏ పాట దగ్గర గరగర ఉంది, ఏ పాట తేటగా ఉంది, అట్ట ఉందా లేదా. పాటల పుస్తకాలకూ అలాగే. రికార్డులు పోస్టులో పంపం. వాటిని అడ్డంగా దొంతర పెడితే వంగిపోతాయి, ఎండలో నిలిపిన వ్యానులో గంట ఉన్నా ఇక పనికిరావు. మీ మనిషి వచ్చి, తీసుకున్నదానికి నంబరు వారీగా రసీదు రాసి, నిలువుగా అమర్చిన పెట్టెలో తీసుకెళ్ళి, పని కాగానే అలాగే తెచ్చి ఇవ్వాలి. డబ్బు అక్కర్లేదు. పుస్తకంలో ఆ మైకుసెట్టు ఊరి పేరు వేస్తే చాలు.

నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తన ఇంటిని బాలు గారు వేద పాఠశాలకు ఇచ్చేశారు. నెల్లూరులో ఆయన పేరున ఇప్పుడున్నది ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాల. పూర్తయిన పెట్టెతో పాటు, మెరుగుపెట్టని 96 కిలోహెర్ట్జ్ ఫైళ్ళ నకలు ఒకటి ఆ పాఠశాలకు ఇవ్వండి. నేర్చుకునే పిల్లలు అక్కడే కూర్చుని వినేలా, బయటికి తీసుకెళ్ళకుండా షరతు పెట్టుకోండి, మాకు అభ్యంతరం లేదు.

ఇప్పటికిప్పుడు మేం కోరేది ఒక్క కాగితం. 1966 డిసెంబరు నుంచి 1974 ఫిబ్రవరి దాకా బాలు గారు పాడిన తెలుగు పాటల్లో ఏవేవి మీ దగ్గర ఉన్నాయి, టేపా, మదరా, రికార్డా, ఏ స్థితిలో ఉన్నాయి అన్న పట్టిక. అది బయటపెడితే మా జాబితాతో కలిపి చూసి, ఇద్దరి దగ్గరా లేని పాటలేవో తేల్చవచ్చు. వాటి కోసం వెతకడం ఈ వేసవిలోనే మొదలుపెడతాం.

ఇట్లు,
నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, కనిగిరి ప్రాంతాల శ్రోతలు, రికార్డులు దాచుకున్నవాళ్ళు